రెండో విడత బొమ్మలు

నలభై ఆరో ఏట అడుగుపెట్టేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. గుండీలు, జిప్పులు, దారాలు, లైనింగు గుడ్డ అమ్మే పదకొండు అడుగుల కొట్టు. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా చేసే భర్త. మధ్యాహ్నం పన్నెండున్నరకి ఇన్సులిన్ పడవలసిన అత్తగారు. ఉద్యోగం పోయి మా ముందుగదిలో కాలుమీద కాలేసుకుని పేపరు చదివే మరిది. పన్నెండో తరగతి చదివే కూతురు. రెండు మూత్రపిండాల్లోనూ చెరొక రాయి. వీటిలో ఏది సరుకో, ఏది బరువో అప్పట్లో విడదీసి చూసుకోలేదు. కొట్టు నడిపేవాళ్ళకి ఒక అలవాటుంటుంది. షట్టరు పైకి లేచి, సాయంత్రానికి కిందికి దిగితే రోజు బాగా గడిచినట్టే. లోపల ఏది తరుగుతోందో తీరిగ్గా చూసుకోవచ్చులే అనుకుంటారు.

నేను తరుగుతున్నానని మొదట పట్టుకున్నది గుండీలు. మేం గుండీల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టం. వంద లెక్కపెట్టి తూచి, ఆ తూకాన్ని బట్టి మిగతావి తూస్తాం. ఆ పొద్దున వంద లెక్కపెట్టడానికి మూడుసార్లు మొదలుపెట్టాను. అరవై దాటగానే అంకె చేతిలోంచి జారిపోయేది. మోకాళ్ళ దగ్గర్నుంచి పాదాల దాకా ఎముకలు పిండుతున్నట్టు నొప్పి. గొంతు ఎండిపోతే నీళ్ళు తాగడం, తాగిన పావుగంటకి బాత్రూముకి పరిగెత్తడం. తిరిగొచ్చేసరికి ఎక్కడున్నానో మర్చిపోవడం. చివరికి స్కూలు యూనిఫారాలు కుట్టించే మేడమ్‌కి నాలుగు కన్నాల తెల్ల గుండీలు పంపాల్సింది, రెండు కన్నాలవి పంపాను. గుండీలు కుట్టే మిషను ఒకసారి నాలుగు కన్నాలకి సర్దాక రెండు కన్నాల గుండీ పెడితే సూది విరుగుతుంది. ఆవిడ మిషను మీద మూడు సూదులు విరిగాయి. ఫోను చేసి తిట్టలేదు. "మీరు పంపారా, మీ దగ్గర ఎవరైనా కొత్తగా చేరారా?" అని అడిగింది. తిట్టినా బాగుండేది.

ఆ వారమే మా ఆయన ఒక నిర్ణయం తీసుకుని నాకు తెలియజేశాడు. "నీకు ఈ మధ్య ధ్యాస ఉండట్లేదు. తమ్ముడు ఖాళీగానే ఉన్నాడుగా, కౌంటర్లో కూర్చుంటాడు. నువ్వు ఇంటిపట్టున ఉండి రెస్టు తీసుకో" అన్నాడు. రెస్టు! ఆ మాట విని నవ్వొచ్చింది. మా ఇంట్లో నాకు రాసిపెట్టి ఉన్న రెస్టు పొద్దున అయిదింటికి గిన్నెలతో మొదలవుతుంది. ఐదుగురి బట్టలు, మూడు రకాల భోజనాలు, ఎందుకంటే అత్తగారికి తీపి కూడదు, మరిదికి కారం పడదు, మా ఆయనకి నిన్నటిది పనికిరాదు. అత్తగారి వేలు గుచ్చి చక్కెర చూడడం, సూది వేయడం, వేసిన పావుగంటకి ఆవిడ ముందు కంచం పెట్టడం. నాకు రెస్టు దొరికే చోటు ఈ ఊళ్ళో ఒకే ఒకటి ఉండేది, అది కౌంటరు వెనక నా కుర్చీ. ఇరవై రెండేళ్ళ కింద అరుగు మీద బల్ల వేసి దారపు ఉండలతో మొదలుపెట్టి అక్కడిదాకా వచ్చి కూర్చున్నాను. ఆ కుర్చీలో ఉన్నప్పుడు నన్ను ఎవరూ "ఏమోయ్" అని పిలవరు. ఆ కుర్చీ పోతే ఇక నాకు మిగిలేది వంటింటి స్టూలు.

మరిది మంచివాడే. మొదటి రోజే ఎముకల నొప్పులకి మంచివని కాల్షియం బిళ్ళల సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. "రోజుకి రెండు వేసుకోండి వదినా, ఉక్కులా అయిపోతారు" అన్నాడు. వేసుకున్నాను. ఉక్కు సంగతి దేవుడెరుగు, వాంతులు మొదలయ్యాయి. అప్పుడు వీధి చివరి డాక్టరు రక్తం తీయించి చూస్తే, నా రక్తంలో ఎక్కువగా ఉన్నదే ఆ కాల్షియం. పదిన్నర దాటకూడదట, నాకు పదకొండు పాయింట్ ఆరు ఉంది. ఆయన బిళ్ళలు ఆపించి, ఇంకో పరీక్ష చేయించి, విషయం విడమరిచి చెప్పాడు. మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగుంటాయి, పారాథైరాయిడ్ అంటారు. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో చూసుకోవడమే వాటి పని. వాటిలో ఒకదానికి గడ్డ కడితే అదుపు తప్పి, ఎముకల్లోది తోడి రక్తంలో పోస్తూనే ఉంటుంది. అందుకే నొప్పులు, అందుకే రాళ్ళు, అందుకే మరుపు, నీరసం, చిరాకు. "ఆ గడ్డ ఎక్కడుందో స్కాన్లో దొరికితే తీయించేసుకోవచ్చు" అన్నాడు.

చిరాకు అన్న మాట దగ్గర మా ఆయన మొహం విప్పారింది. "నేను చెప్పలే? నీ కోపం మామూలు కోపం కాదని! జబ్బని తేలిపోయింది" అన్నాడు, పోగొట్టుకున్న తాళంచెవి దొరికినంత సంతోషంగా. ఆ రోజు నుంచి మా ఇంట్లో నేను ఏమన్నా కాల్షియం లెక్కలోకి వెళ్ళిపోయేది. తడి తువ్వాలు మంచం మీద వేయొద్దంటే కాల్షియం. తిన్న కంచం ఎత్తమంటే కాల్షియం. ముందుగదిలోంచి మరిది గొంతు వినిపించేది. "అన్నయ్యా, ఇవాళ వదినకి పన్నెండు దాటినట్టుంది." అందరూ నవ్వేవాళ్ళు. ఒక్కోసారి నేనూ నవ్వేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకూ అది సుళువుగానే ఉండేది. గడ్డ మీదికి నెట్టేస్తే, ఇంకెవరి మీదా కోప్పడాల్సిన పనిలేదు కదా.

మొదటిసారి స్కానుకి మా ఆయన సెలవు పెట్టి మరీ నాతో వచ్చాడు. ఆ గదిలో పనిచేసే టెక్నీషియను ముప్ఫై ఏళ్ళ పిల్ల, జుట్టు పైకి ముడేసుకుని, చెప్పులు లేకుండా తిరిగేది. చేతికి మందు ఎక్కించి, పెద్ద కెమెరా కింద పడుకోబెట్టి మొదటి విడత బొమ్మలు తీసింది. లేచి కూర్చోగానే, "ఇప్పుడు బయట కూర్చోండి, రెండు గంటలయ్యాక రెండో విడత" అంది.

"మళ్ళీనా? ఎందుకు? ఇప్పుడు తీశారుగా?" అన్నాడు మా ఆయన.

"అప్పుడు తీసేవే ముఖ్యం సార్. ఈ మందు ఇప్పుడు థైరాయిడ్ కూడా పట్టేసుకుంది, అంతా వెలుగుగా ఉంటుంది. రెండు గంటలకి థైరాయిడ్ వదిలేస్తుంది. గడ్డ వదలదు."

నాకు వెంటనే అర్థమైంది. కొత్త కొట్టు తెరిచిన రోజు లోపలంతా జనమే, ఎవరు కొనేవాళ్ళో ఎవరు చూడ్డానికొచ్చినవాళ్ళో తెలియదు. అందరూ వెళ్ళిపోయాక కూడా కదలకుండా కూర్చున్నవాడే మనకి కావలసినవాడు. అంత బాగా అర్థమైన మనిషిని, మా ఆయన గడియారం చూసి "పన్నెండున్నరకి అమ్మకి సూది ఎవరు వేస్తారు?" అనగానే ఏమన్నానో తెలుసా? "పదండి, వెళ్దాం" అన్నాను. ఆయన నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళలేదు. ఆ మాట అన్నది నేనే. ఇది నా ఖాతాలోనే రాసుకోవాలి. ఆ పిల్ల వెనకనుంచి "మేడమ్, సగంలో వెళ్తే..." అంటూనే ఉంది. నేను అప్పటికే చెప్పులు వేసుకున్నాను. పన్నెండూ ఇరవై ఎనిమిదికల్లా ఇంట్లో సూది వేస్తున్నాను. మా ఆయన పక్కనే నిలబడి, "చూశావా, టైముకి వచ్చేశాం" అన్నాడు.

రిపోర్టు ఆయనే తెచ్చాడు, ఆయనే చదివాడు. "గడ్డ ఏమీ కనపడలేదట. క్లీన్." వీధి చివరి డాక్టరు దగ్గర ముగ్గురు రోగులు నిలబడి ఉన్నారు. ఆయన పై రెండు వరుసలూ చూసి, "మంచిదే, ఆరునెలలు ఆగి చూద్దాం" అన్నాడు. దానితో నా జబ్బు అయిపోయింది, కానీ నా నొప్పులకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. జబ్బు లేదని తేలిపోయాక నొప్పి అని మంచమెక్కితే దాని పేరు బద్ధకం. గుండీలు తప్పు పంపితే దాని పేరు నిర్లక్ష్యం. కోపానికి మాత్రం ఇంకో పేరు వెతకాల్సి వచ్చింది. అత్తగారు "వయసు" అన్నారు. కుర్చీ మరిదికి ఖాయమైపోయింది. నేను ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగేదాన్ని. కూర్చుంటే ఎముకలు ఊరుకోవు, నిలబడితే కాళ్ళు ఊరుకోవు. అల్మరా తెరుస్తాను, ఎందుకు తెరిచానో గుర్తురాదు. మూసేస్తాను. మళ్ళీ తెరుస్తాను. ఒక మధ్యాహ్నం మా అమ్మాయి ఫోనులో స్నేహితురాలితో చెబుతుంటే విన్నాను. "మా అమ్మ ఎప్పుడూ అలిసిపోయే ఉంటుందే. నాకు గుర్తున్నప్పటినుంచీ అంతే. అలా పుట్టిందేమో." ఆ పిల్ల ఎగతాళిగా అనలేదు. మా ఇంటి గోడ రంగేమిటో చెప్పినంత మామూలుగా అంది.

నాలుగు నెలలకి ఎడమవైపు రాయి కదిలింది. కిడ్నీ డాక్టరు పాత కాగితాలన్నీ తెమ్మన్నాడు. మా ఆయన బీరువాలో నా ఫైలు ఉంటే, మొదటిసారిగా దాన్ని నా చేత్తో నేనే తీశాను. వరండాలో నా వంతు కోసం కూర్చుని, ఏం తోచక ఆ స్కాన్ రిపోర్టు చదవడం మొదలుపెట్టాను. సరుకుతో వచ్చిన కాగితాన్ని ఎలా చదువుతానో అలాగే, అడుగున ముద్రించిన చిన్న అక్షరాల దాకా. గడ్డ కనపడలేదు అన్న మాట పైన ఉంది. అన్నిటికంటే కింద ఇంకో వరుస ఉంది. రెండో విడత బొమ్మలు తీయలేదు, రోగి వెళ్ళిపోయారు, కాబట్టి ఈ పరీక్ష అసంపూర్ణం.

మా కొట్టులో సరుకు లెక్క చూసే రోజున ఒక నియమం ఉంది. తెరవని డబ్బా ఎదురుగా సున్నా వేయకూడదు, ఖాళీగా వదలాలి. సున్నా అంటే చూశాం, లేదు అని. ఖాళీ అంటే ఇంకా చూడలేదు అని. ఈ తేడా తెలియని మనిషిని నేను స్టాకు రూములోకి అడుగు పెట్టనివ్వను. అలాంటి దాన్ని, నా మెడకి ఎదురుగా ఎవరో సున్నా వేస్తే నాలుగు నెలలు తల వంచుకుని మోశాను. రోగి వెళ్ళిపోయారు. ఆ రెండు మాటలూ మళ్ళీ మళ్ళీ చదివాను. వరండాలో ఇరవై మంది ఉన్నారు. లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. పక్కనున్న పెద్దాయన "నొప్పి ఎక్కువగా ఉందా అమ్మా?" అని అడిగాడు. "లేదండీ, చదువుకుంటున్నాను" అన్నాను.

కిడ్నీ డాక్టరు నన్ను ఒక సర్జను దగ్గరికి పంపాడు. పొట్టిగా, మెడ దగ్గర తెల్ల కోటు గుండీ ఊడిపోయిన ఆవిడ. ముందు ఆ ఖాళీయే చూశాను, పద్దెనిమిది నంబరు సైజు, నాలుగు కన్నాలది ఉండాల్సింది. ఆవిడ నా ఫైలు మొత్తం తిరగేసి, తలెత్తకుండానే అడిగింది. "రక్తం చూస్తే జబ్బు ఉందని అరుస్తోంది. లేదని ఎవరు చెప్పారు?"

"స్కాను చెప్పింది డాక్టరు గారూ."

"స్కానుకి ఆ హక్కు లేదమ్మా. జబ్బు ఉందో లేదో చెప్పేది రక్తం. స్కాను ఎక్కడుందో చెప్తుంది, అది కూడా దాని బుద్ధి పుడితే. ఎక్కడుందో తెలిస్తే నాకు అరగంట పని. తెలియకపోతే మీ మెడ నాకు తవ్వకాల స్థలం. అందుకే మళ్ళీ తీయిద్దాం, ఈసారి పూర్తిగా." తర్వాత ఒక పాత కాగితం తీసి నా వైపు తిప్పింది. "ఇదెప్పటిదో చూడండి." మొదటి రాయి వచ్చినప్పటి రక్తపరీక్ష. కాల్షియం పదకొండు పాయింట్ ఒకటి. తొమ్మిదేళ్ళ కిందటిది. మా బీరువాలో, మా ఆయన ఇస్త్రీ చొక్కాల కింద, తొమ్మిదేళ్ళుగా భద్రంగా ఉంది. అప్పటికి మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు.

రెండో స్కానుకి నేను తయారైనట్టు ఏ పెళ్ళికీ ఎవరూ తయారై ఉండరు. రెండు వారాల ముందే తేదీ చెప్పాను. ఎన్నింటికి చక్కెర చూడాలి, ఎంతుంటే ఎన్ని యూనిట్లు, ఎంతసేపటికి కంచం పెట్టాలి, అంతా ఫ్రిజ్ మీద కాగితం అంటించాను. కొట్టులోంచి కోటు భుజాల్లో పెట్టే మెత్తటి ప్యాడ్లు రెండు తెచ్చి, పాత ఇన్సులిన్ పెన్నుతో మా ఆయన చేత వాటికి సూదులు వేయించాను. మూడో రోజుకి బాగానే వేశాడు. "ప్యాడ్‌కి చక్కెర తగ్గిందా అన్నయ్యా?" అని మరిది అడిగితే, "నువ్వు నవ్వకు, నీక్కూడా నేర్పిస్తా" అన్నాను. వెంటనే వాడికి కొట్టు తాళాలు గుర్తొచ్చి బయటికి పోయాడు. మా అమ్మాయి సూది చూస్తేనే కళ్ళు తిరిగి పడిపోతుంది, ఆ పిల్లని అడగలేదు.

ఒక్కదాన్నే వెళ్ళాను. టెక్నీషియను నన్ను చూడగానే గుర్తుపట్టింది. "పోయినసారి పారిపోయింది మీరే కదా?"

"నేనే. ఈసారి కట్టేసినా సరే."

మందు ఎక్కించి, మొదటి విడత తీసి, జాగ్రత్తలు చెప్పింది. "నీళ్ళు బాగా తాగండి. ఇవాళంతా చంటిపిల్లల్ని ఎత్తుకోకండి."

"మా ఇంట్లో అందరూ పెద్ద పిల్లలే" అన్నాను. ఆ పిల్ల నవ్వుతూ తలుపు వేసుకుంది.

పదిన్నర. వరండాలో ఇనప కుర్చీలు, గోడమీద ఆగిపోయిన ఫ్యాను, మూలన నీళ్ళ డబ్బా. కూర్చున్నాను. లేచాను. కిటికీ దాకా ముప్ఫై నాలుగు అడుగులు, వెనక్కి ముప్ఫై మూడు. ఏదో తేడా వచ్చిందని మళ్ళీ నడిచాను. నా మెడలో ఆ క్షణంలో ఏం జరుగుతోందో ఊహించుకున్నాను. వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతున్నారు. ఎవరో ఒకరు వెళ్ళట్లేదు. లేక అందరూ వెళ్ళిపోతున్నారా? ఈసారి కూడా ఏమీ కనపడకపోతే? అప్పుడు నిజంగానే నేను బద్ధకస్తురాలినా, నిర్లక్ష్యపు మనిషినా, వయసు మీదపడిన దాన్నా? గడ్డ ఉండాలని కోరుకునే మనిషిని ఎక్కడైనా చూశారా? నేను కోరుకున్నాను. గొంతు మీద చెయ్యి వేసుకుని, ఉండు, వెళ్ళకు అన్నాను.

పన్నెండుకి పది నిమిషాలుందనగా ఫోను మోగింది. మా ఆయన.

"ఆఫీసులో ఇన్స్పెక్షన్ పడింది. నేను కదల్లేను. నువ్వు వచ్చేయ్."

"ఏమండీ, ఇంకో ముప్పావుగంటలో నన్ను లోపలికి పిలుస్తారు."

"బొమ్మలే కదా, ఇంకోసారి తీయించుకోవచ్చు. అమ్మకి చక్కెర పెరిగి పడిపోతే ఇంకో అమ్మ వస్తుందా?"

"మీ తమ్ముడు?"

"కొట్టు ఎవరు చూస్తారు?"

నా కొట్టు! ఏదో అనబోయాను, ఆయన పెట్టేశాడు. నేను చూస్తుండగానే నా కాళ్ళు మెట్లు దిగాయి. తొమ్మిదేళ్ళు, కాదు, పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళుగా అలవాటైన కాళ్ళు, నన్ను అడగవు. గేటు దాటి రోడ్డు మీదికొచ్చాను. ఎదురుగా బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది. డ్రైవరు నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. "ఎక్కుతారా అమ్మా, తలుపెయ్యనా?" అన్నాడు. ఎంత సూటి ప్రశ్న! మా ఇంట్లో నన్ను ఎవరూ అలా అడగలేదు. "వేసేయ్ బాబూ" అన్నాను. బస్సు వెళ్ళిపోయింది. ఆ దుమ్ములో నిలబడి, మా అత్తగారికి ఫోను చేశాను.

"అత్తయ్యా, ఆయనకి రావడం కుదరలేదట. పెన్ను ఫ్రిజ్ తలుపులో ఉంది. మీరే వేసుకోగలరా?"

అటువైపు గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఎన్నేళ్ళకి అడిగావే అమ్మాయ్?"

"అంటే?"

"అంటే ఏముంది. నా కళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి, చేతులు రెండూ ఉన్నాయి. మొదట్లో డాక్టరు నాకే నేర్పించాడు. మా వాడే వద్దన్నాడు, కోడలుండగా నీకెందుకమ్మా ఆ శ్రమ అని. నాకూ బాగానే ఉందనుకో. రోజూ ఒక మనిషి వచ్చి మన దగ్గర వంగి కూర్చుంటే బాగోదా ఏమిటి? అబద్ధమెందుకు."

నాకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో ఆ గందరగోళంలో తెలియలేదు. "ముందు వేలు గుచ్చి చూడండి" అన్నాను. ఆగాను. "నూట తొంభై" అన్నారు. "అయితే పన్నెండు. పెన్ను అడుగున తిప్పండి, ఒక్కో యూనిట్‌కి టిక్కుమంటుంది." ఫోను బల్ల మీద పెట్టినట్టున్నారు. రోడ్డు మీద లారీల మోతలో ఒక చెవి మూసుకుని, రెండో చెవితో ఆ టిక్కులు విన్నాను. ఒకటి, రెండు, మూడు. ఆవిడ అక్కడ, నేను ఇక్కడ, ఇద్దరం పైకి లెక్కపెట్టాం. పన్నెండు దగ్గర ఇద్దరం ఒకేసారి ఆగాం. ఏడాదిగా అంకె నిలవని నాకు, ఆ పన్నెండూ రాయిలా నిలబడ్డాయి. "అయిపోయింది. నొప్పే లేదు, నువ్వు వేస్తేనే కాస్త చురుక్కుమంటుంది" అన్నారు అత్తగారు. పొయ్యి పక్కన మూతపెట్టిన గిన్నెలో భోజనం ఉందని చెప్పి, ఫోను మొత్తంగా ఆపేసి, మెట్లెక్కి మళ్ళీ లోపలికి వెళ్ళాను.

కెమెరా కింద అరగంట కదలకూడదు. గది నుంచి గదికి తిరిగే మనిషిని, చేతులు పక్కన పెట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, ఊపిరి కూడా మెల్లగా తీయమన్నారు. ముక్కు మీద దురద. మోకాలు పీకుతోంది. ఆ పెద్ద పలక ఛాతీ మీదికి దిగి చుట్టూ మెల్లగా తిరుగుతుంటే, నాలోపల ఎవరో సరుకు లెక్క చూస్తున్నట్టుంది, డబ్బా తర్వాత డబ్బా, ఒక్కటీ వదలకుండా. కదల్లేదు. లేచాక టెక్నీషియను కంప్యూటరు తెర నా వైపు తిప్పలేదు, అలా తిప్పకూడదట. "డాక్టరు గారు చెప్తారు" అంది. కానీ నా చెప్పులు తనే తెచ్చి కాళ్ళ దగ్గర పెడుతూ, "ఉండిపోయారు, మంచి పని చేశారు" అంది.

గడ్డ ఉంది. అందరూ వెతికే చోట లేదు. అన్నవాహిక వెనకాల, వెన్నెముకకి ఆనుకుని, కిందికి జారి దాక్కుంది. మొదటి విడతలో థైరాయిడ్ వెలుగు దాన్ని మింగేసింది. రెండో విడతలో కూడా మసగ్గానే కనపడింది. సర్జను దాన్ని నమ్మి కత్తి పట్టుకోలేదు. రంగుమందు ఎక్కించి తీసే ఇంకో స్కాను రాసింది. ఆ మందు రక్తంలోకి వెళ్ళగానే ముందు వెలిగి, ముందు ఆరిపోయేది ఆ గడ్డేనట. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే చుక్క ఒకే చోట పడింది. "రెండు సాక్ష్యాలు. ఇక చాలు" అంది ఆవిడ. మూడు వారాలకి తీసేసింది. గ్రాము పావు బరువు, వేరుశనగ గింజంత. తీసిన పది నిమిషాలకి ఆపరేషను బల్ల మీదనుంచే రక్తం పంపితే, రెండువందల చిల్లర ఉన్న ఆ గ్రంథుల హార్మోను ముప్ఫైకి పడిపోయిందట. తొమ్మిదేళ్ళు నా ఎముకలు తిన్నది దొరికిపోయింది. కోలుకునేటప్పుడు పెదాలు తిమ్మిరెక్కితే, పోయిన కాల్షియం కోసం ఎముకలకి ఆకలి పుట్టిందన్నారు, కాల్షియం బిళ్ళలు వేసుకోమన్నారు. మరిది పాత సీసా వెతికి తెచ్చి, "చూశారా, నేనెప్పుడో చెప్పాను" అన్నాడు.

రెండు నెలలకి గుండీలు వంద దాకా లెక్కపెట్టాను, నిలబడి, ఆగకుండా. రెండు వందలు, మూడు వందలు. చేతికి తగిలిన గుండీ ఏ ఏడాది ఏ టైలరుకి ఇచ్చానో గుర్తొచ్చేది. మోకాళ్ళు నావయ్యాయి. యూనిఫారాల మేడమ్‌కి నాలుగు కన్నాలవి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ సోమవారం తొమ్మిదింటికి కొట్టుకెళ్ళి కౌంటరు ముందు నిలబడితే, మరిది చటుక్కున లేచాడు. "రండి వదినా, మీకు పుణ్యముంటుంది. ఈ దారాల్లో పన్నెండు రకాల నీలాలున్నాయట, నాకన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి" అన్నాడు. నా కుర్చీ అంత తేలిగ్గా దొరుకుతుందనుకోలేదు.

దొరకనిది ఇంట్లో ఉంది. ఒక ఆదివారం పొద్దున, అందరూ టీ తాగుతున్నప్పుడు చెప్పాను. "రేపటినుంచి నేను మధ్యాహ్నం ఇంటికి రాను, తొమ్మిదికి వెళ్ళి ఆరింటికే వస్తాను. అత్తయ్య సూది అత్తయ్యే వేసుకుంటారు. మధ్యాహ్నం వంటా, గిన్నెలూ అన్నదమ్ములిద్దరూ పంచుకోండి." మా ఆయన ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి కప్పు కింద పెట్టాడు. "నేను ఆఫీసుకెళ్ళాలి." "నేనూ వెళ్ళాలి." "అది వేరు." "ఏది వేరో చెప్పండి, వింటాను." నా గొంతు లేచింది. ఇరవై నాలుగేళ్ళవి ఒక్కొక్కటే బయటికొచ్చాయి, తడి తువ్వాళ్ళూ, ఎత్తని కంచాలూ, చొక్కాల కింద నా ఫైలూ, బొమ్మలే కదా అన్న మాటా. మా అమ్మాయి టీ చల్లారిపోయింది. అంతా విని మా ఆయన, ఎగతాళిగా కాదు, నిజంగానే బెంగగా అన్నాడు. "గడ్డ తీసేశారుగా. ఇంకా ఈ కోపమేమిటి? ఎక్కడో ఇంకోటి మిగిలిపోయిందేమో. ఒకసారి రక్తం చూపించుకో."

ఆ మాటని తేలిగ్గా కొట్టిపారేయలేకపోయాను. ఎందుకంటే నాకూ అదే అనుమానం. ఎముకల నొప్పి పోయింది, దాహం పోయింది, మరుపు పోయింది. ఇది మాత్రం పోలేదు. నాలుగు గ్రంథుల్లో ఒకటి పోతే మూడున్నాయి. వాటిలో ఇంకోటి చెడిందా? లేక ఇన్నాళ్ళూ డాక్టర్లు చిరాకని రాసిందంతా నా స్వభావమేనా? రెండు రోజులు కొట్టులో కూర్చున్న చోట కూర్చోలేకపోయాను. మూడో రోజు లాబ్‌కి వెళ్ళి చెయ్యి చాపాను. సాయంత్రం కాగితం నేనే తెచ్చుకున్నాను. కొట్టు మెట్ల మీద కూర్చుని అడుగు వరుస దాకా చదివాను. కాల్షియం తొమ్మిది పాయింట్ నాలుగు. హార్మోను ముప్ఫై ఎనిమిది. రెండూ ఉండవలసిన చోటే ఉన్నాయి. చిన్న అక్షరాల్లో కూడా ఇంకేమీ లేదు.

ఇంటికెళ్ళి కాగితం మా ఆయన చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివాడు. "అంతా బాగానే ఉందే" అన్నాడు. "మరి ఈ కోపం ఎక్కడిది?"

"దాన్ని వెతకడానికి స్కాను అక్కర్లేదండీ" అన్నాను.

లెక్క ముగించేముందు చూసుకుంటే, పోయినవి గ్రాము పావు గడ్డ, ఒక రాయి, మెడ ముందు ముడతలో గాటుగా కలిసిపోయిన రెండంగుళాల చర్మం. తొమ్మిదేళ్ళు ఎటూ తిరిగి రావు. వచ్చింది ఒక్కటే, ఏ జబ్బూ కలవని కోపం. ఇది పూర్తిగా నాది. దీన్ని తగ్గించుకోవడానికి నేనిక ఏ మందూ వేసుకోను.